పాలరాతిలో మొహం మిగిలింది... మాట మిగల్లేదు

మా అమ్మమ్మ మెడలో కాసులపేరు ఉండేది. అన్నీ లక్ష్మీదేవి కాసులే గానీ, నడిమధ్యన మూడు మాత్రం నవరసులు. వాటి మీద ముక్కు సూటిగా ఉన్న ఒక ఆడమనిషి పక్కకి తిరిగి ఉండేది. తలమీద ముసుగు, దాని కింద చిన్న కిరీటం. చిన్నప్పుడు అమ్మమ్మ ఒళ్లో పడుకుని ఆ కాసులు తిప్పుతూ ఎవరీవిడ అని అడిగేదాన్ని. లక్ష్మీదేవే అనేది అమ్మమ్మ. శుక్రవారం నాడు ఆ బొమ్మకి పసుపు రాసి కుంకుమ పెట్టేది కూడాను.

స్కూల్లో చేరి నాలుగు ముక్కలు చదువుకున్నాక ఆవిడ లక్ష్మి కాదు, ఇంగ్లండు రాణి విక్టోరియా అని కనిపెట్టాను. గొప్పగా వచ్చి చెప్పాను. అమ్మమ్మ నవ్వి ఊరుకుంది. బంగారం మీద ఆడదాని బొమ్మ ఉంటే ఆవిడ లక్ష్మి కాక ఇంకెవరవుతుందే అని ఎదురు నన్నే అడిగింది.

అమ్మమ్మ పుట్టిల్లు కొల్లేటి ఒడ్డున ఒక పల్లె. పదకొండో ఏట పెళ్లయి తాడేపల్లిగూడెం కాపురానికి వచ్చింది. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ నమ్మకం. ఇంట్లో పెళ్లిళ్లకి ఫొటోగ్రాఫరు వస్తే వంటింట్లోకి వెళ్లిపోయేది. దాంతో ఆవిడ పోయాక గోడకి పెట్టుకోవడానికి ఒక్క ఫొటో కూడా లేకపోయింది. మిగిలినవి ఆ మూడు నవరసులే. వాటి మీద ఉన్నది ఎవరో పరాయి రాణి మొహం. మనవరాళ్లం ముగ్గురం తలొకటి తీసుకున్నాం.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటారా? ఆ కాసు వల్లే నాకు ఇంకో రాణి పరిచయమైంది. ఆవిడ విక్టోరియా కంటే పదిహేడు వందల ఏళ్లకు పైగా పెద్దది. పేరు ఫౌస్టీనా. రోమన్ చక్రవర్తి భార్య.

నాగార్జునకొండలో రోమన్ రాణి

కొన్నేళ్ల కిందట లాంచీలో నాగార్జునకొండ చూడ్డానికి వెళ్లాం. సాగర్ డ్యాం కడితే ఆ లోయంతా మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు. ఇక్ష్వాకుల నాటి స్తూపాలు, విహారాలు, శిల్పాలు ఎన్నో బయటపడ్డాయి. వాటితోపాటు రోమన్ బంగారు నాణేలు కూడా దొరికాయనీ, అందులో ఒకదాని మీద రాణి మొహం ఉందనీ మాతో వచ్చిన ఒక హిస్టరీ మేష్టారు చెప్పారు. నాకు వెంటనే అమ్మమ్మ కాసు గుర్తొచ్చింది.

ఊరికి తిరిగొచ్చాక లైబ్రరీ చుట్టూ తిరిగాను. ఆ నాణెం ఫౌస్టీనాదని, ఆవిడ చనిపోయాక భర్త వేయించిన నాణేల్లో ఒకటని తెలిసింది. మరి రోమ్ ఎక్కడ, కృష్ణా తీరం ఎక్కడ? ఆ రోజుల్లో మన సరుకు ఓడల మీద రోమ్ సామ్రాజ్యానికి వెళ్లేది. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన పుస్తకంలో మసాలియా అనే ప్రాంతం ప్రస్తావన ఉంది. అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా నేస్తారని రాశాడు. మసాలియా అంటే మన మచిలీపట్నం తీరమే. అంటే కొల్లేటికి అవతలి ఒడ్డే! మన వాళ్లు బట్టలు పంపితే, బదులుగా వాళ్ల బంగారం వచ్చేది. వినుకొండలోనూ అలాంటి నాణేలు దొరికాయి. మన దేశంలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నింటికి కన్నాలు, కొక్కేలు ఉన్నాయి. ఎందుకో వేరే చెప్పాలా? మెళ్లో వేసుకోవడానికే. కాసులపేరు ముచ్చట మనకి కొత్తది కాదన్నమాట.

పెద్దింటి ఆడపిల్ల

ఫౌస్టీనా క్రీస్తుశకం 100 ప్రాంతంలో పుట్టింది. పూర్తి పేరు ఆనియా గలేరియా ఫౌస్టీనా. తండ్రి మార్కస్ ఆనియస్ వీరస్ మూడుసార్లు కాన్సల్ పదవి చేసినవాడు. రోమ్‌లో చక్రవర్తి తర్వాత అంతకు మించిన గౌరవం లేదు. డబ్బుకీ పలుకుబడికీ లోటు లేని ఇల్లు.

పెళ్లి చిన్నతనంలోనే అయింది. 110కీ 115కీ మధ్య అంటారు. అంటే పదిహేనేళ్లు దాటలేదు. వరుడు ఆంటోనినస్ ఆవిడ కంటే పద్నాలుగేళ్లు పెద్ద. మా అమ్మమ్మ కథకీ దీనికీ పెద్ద తేడా లేదు చూడండి. రాజ్యాలు వేరైనా ఆడపిల్ల పెళ్లి వయసు మాత్రం ఒకటే.

నలుగురు పిల్లలు పుట్టారు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. కొడుకులిద్దరూ పోయారు. పెద్ద కూతురు ఫడిల్లా పెళ్లయ్యాక చనిపోయింది. ఆ సమయంలో ఆంటోనినస్ ఆసియా రాష్ట్రానికి గవర్నరుగా బయలుదేరుతున్నాడు. ఒక చేత్తో ప్రయాణం మూటలు సర్దుకుంటూ ఇంకో చేత్తో కూతుర్ని సాగనంపాల్సి వచ్చింది ఆ తల్లి. మిగిలింది చిన్నపిల్ల ఒక్కతే. తల్లి పేరే ఆ పిల్లకీ పెట్టారు. అందుకే చరిత్రలో తల్లిని పెద్ద ఫౌస్టీనా అనీ, కూతుర్ని చిన్న ఫౌస్టీనా అనీ అంటారు.

కొడుకులు బతికి ఉంటే కథ ఇంకోలా ఉండేదేమో. హేడ్రియన్ చక్రవర్తికి పిల్లల్లేరు. 138లో ఆయన ఆంటోనినస్‌ని దత్తత తీసుకున్నాడు. అప్పటికే ఆయనకి యాభై దాటింది. ఒక షరతు కూడా పెట్టాడు. ఆంటోనినస్ తన తర్వాత రాజ్యం కోసం ఇద్దరు పిల్లల్ని దత్తత చేసుకోవాలి. వాళ్లలో ఒకడు మార్కస్ అరీలియస్, ఫౌస్టీనాకి స్వయానా అన్నదమ్ముడి కొడుకే. రెండో వాడు లూసియస్ వీరస్. తన కొడుకులు కూర్చోవలసిన చోట మేనల్లుణ్ణి కూర్చోబెట్టడం ఒక తల్లికి ఎలా ఉంటుందో మనకి తెలియనిది కాదు. ఫౌస్టీనాకి ఎలా అనిపించిందో మాత్రం ఎక్కడా లేదు. ఆవిడ రాసిన ఉత్తరం లేదు, అన్న మాట ఒక్కటీ లేదు.

రాణి అయ్యాక

అదే ఏడాది జూలైలో హేడ్రియన్ పోయాడు. ఆంటోనినస్ చక్రవర్తి అయ్యాడు. సెనేట్ ఫౌస్టీనాకి ఆగస్టా అనే బిరుదు ఇచ్చింది. అంటే మహారాణి.

ఈ కాలానికి చెందిన ఒక ఇంటి ముచ్చట మాత్రం పాత చరిత్ర పుస్తకంలో ఉంది. ఇంట్లో వాళ్లకి భర్త సరిగా ఇవ్వడం లేదని ఫౌస్టీనా ఒకసారి నిలదీసిందట. దానికాయన, రాజ్యం చేతికొచ్చాక మనకి ముందున్నది కూడా మనది కాకుండా పోయిందని సర్దిచెప్పాడట. సొంత సొమ్ము కూడా ప్రజలకి పెట్టాల్సిందేనని ఆయన ఉద్దేశం. ఇది చదివి నేను నవ్వుకున్నాను. నెలాఖరున మన ఇళ్లలో జరిగే సంభాషణే కదా! చక్రవర్తి ఇల్లైనా చిట్టాపద్దుల దగ్గర అందరూ ఒకటే.

ఆ రాణివాసం ఎంతకాలం? రెండేళ్లు దాటిందో లేదో. 140 చివర్లో ఫౌస్టీనా కన్నుమూసింది. నలభై ఏళ్లు. చిన్న కూతురికి అప్పటికి పదేళ్లు.

రాతిలో నిలిచిన జడ

ఫౌస్టీనా గురించి మనకి బాగా తెలిసింది ఆమె మొహం. రోమ్‌లోని కాపిటోలిన్ మ్యూజియంలో ఆవిడ పాలరాతి బొమ్మ ఉంది. అమెరికాలో గెట్టీ మ్యూజియంలో నిలువెత్తు విగ్రహం ఉంది. ఇప్పటి టర్కీలో సార్డిస్ అనే ఊరి గుడిలో ఉండిన ఆవిడ తల మనిషి తలకి ఎన్నో రెట్లు పెద్దది. అదిప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

ఫొటోల్లో చూశాను. నిండు మొహం, శాంతంగా ఉంటుంది. అన్నిటికంటే ముందు కంటికి ఆనేది జుట్టు. నుదుటి మీద నుంచి అలలు అలలుగా వెనక్కి దువ్వి, సన్నటి జడలు అల్లి, వాటిని నడినెత్తిన చుట్టగా చుట్టేది. ఆ ముడి అప్పట్లో ఎంత ఫ్యాషన్ అయిందంటే, రాజ్యం నలుమూలలా ఆడవాళ్లు అలాగే వేసుకున్నారు. తమ సమాధి రాళ్ల మీద కూడా ఆ ముడితోనే చెక్కించుకున్నారు. పాత ఫొటోలో జుట్టు, జాకెట్టు చేతులు చూసి ఇది ఫలానా కాలంలో తీసిందని మనం చెప్పేస్తాం కదా, అలాగే పేరు తెలియని రోమన్ స్త్రీ బొమ్మ దొరికితే జుట్టుముడి చూసి ఏ కాలందో చెబుతారు పరిశోధకులు.

ఒక్క మనిషి బొమ్మ అన్ని దేశాల్లో ఒకేలా ఎలా వచ్చింది? కొత్తపేటలో విగ్రహాలు చేసేవాళ్లని చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ముందు మట్టితో ఒక నమూనా, దాని మీద అచ్చు. రోమ్‌లోనూ రాజధానిలో ఒక నమూనా తయారయ్యేది. దాని అచ్చు బొమ్మలు రాష్ట్రాలకి వెళ్లేవి. అక్కడి శిల్పులు కొలతలు తీసుకుని పాలరాతిలో దించేవారు. చాలాసార్లు తల విడిగా చెక్కి, ముందే తయారైన ఒంటికి అతికించేవారు. ఆ ఒళ్లు దేవతదో, గౌరవంగా పైట కప్పుకున్న ఇల్లాలిదో అయ్యేది. అంటే మెడ కింద ఉన్నది ఫౌస్టీనా అని చెప్పలేం!

ఇంకో సంగతి. ఆ కాలానికి కొంచెం ముందు వరకూ కనుపాపలకి రంగు మాత్రమే వేసేవారు. హేడ్రియన్ రోజుల నుంచి కనుపాపని రాతిలో చెక్కడం మొదలైంది. అందుకే ఫౌస్టీనా బొమ్మలు మనవైపు చూస్తున్నట్టుంటాయి. తెల్లగా కనపడుతున్నాయని మోసపోకండి. ఆ బొమ్మలకి పెదవులకీ, జుట్టుకీ, బట్టలకీ రంగులుండేవి. కాలం వాటిని కడిగేసింది.

పదహారు... పన్నెండు

భార్య పోయాక ఆంటోనినస్ సెనేట్ చేత ఆవిడని దేవతగా ప్రకటింపజేశాడు. రోమ్ నడిబొడ్డున గుడి కట్టించారు. బంగారు, వెండి విగ్రహాలు పోయించారు. పూజారిణులని పెట్టారు. ఆవిడ మొహంతో నాణేలు ఒక్కసారి కాదు, ఏళ్ల తరబడి వేశారు. వాటి వెనకవైపు నెమలి ఉండేది, శాశ్వతత్వానికి గుర్తుగా ఒక దేవత ఉండేది, గోధుమ కంకులు పట్టుకున్న సీరిస్ దేవత ఉండేది. సీరిస్ అంటే మన ధాన్యలక్ష్మి లాంటిదే. బంగారం మీద ఉన్నది లక్ష్మేనన్న మా అమ్మమ్మ మాట మరీ అంత తప్పేం కాదన్నమాట!

ఇవన్నీ రాజుల ఆర్భాటాలు. నా మనసుకి పట్టింది మాత్రం ఇంకొకటి. ఆంటోనినస్ భార్య పేరున ఆడపిల్లల కోసం ఒక నిధి పెట్టాడు. దాని కింద పోషణ పొందే పిల్లల్ని ఫౌస్టీనా పిల్లలు అనేవారు. పువెల్లే ఫౌస్టీనియానే అని లాటిన్‌లో దాని పేరు. నాణేల మీద కూడా వేశారు.

ఆడపిల్లలకి మాత్రమే అనడంలో విశేషం ఏమిటో చెబుతాను. అంతకు ముందు ట్రాజన్ చక్రవర్తి కాలంలో బీద పిల్లల పోషణకి ఒక పథకం ఉండేది. ఇటలీలో వెలియా అనే ఊరి లెక్కలు కంచు పలక మీద చెక్కి ఉన్నాయి. మగపిల్లాడికి నెలకి 16 సెస్టర్సులు, ఆడపిల్లకి 12. అది సరే, ఆ పలకలో పెద్ద పద్దు కింద సాయం అందుకున్న మగపిల్లలు 245 మందైతే ఆడపిల్లలు 34 మందే. ఆకలి ఇద్దరికీ ఒకటే. కంచం దగ్గర మాత్రం లెక్క వేరు. మన ఇళ్లలో అన్నం వడ్డించేటప్పుడు ముందు ఎవరికి, మీగడ ఎవరికి అన్నది గుర్తు చేసుకోండి. ఆ లెక్క మధ్యలో ఒక చనిపోయిన తల్లి పేరు చెప్పి ఆడపిల్లలకి విడిగా కంచం పెట్టారు. ముగ్గురు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లికి ఇంతకంటే మంచి జ్ఞాపకం ఏముంటుంది?

చాటుమాటలు

భర్త ఇంత చేసినా ఆవిడ మీద నింద తప్పలేదు. ఆవిడ నడత గురించి లోకం ఏదేదో అనుకునేదనీ, భర్త బాధని దిగమింగుకున్నాడనీ ఒక చరిత్రలో ఉంది. ఇంటి ఖర్చు ముచ్చట చెప్పిన పుస్తకమే ఇది కూడా చెప్పింది. అది ఆవిడ పోయిన రెండు వందల ఏళ్ల తర్వాత రాసింది. అబద్ధాలు చాలా ఉన్న పుస్తకమని పండితులే అంటారు. ఏం చేసిందో చెప్పదు, ఎవరు చూశారో చెప్పదు. అనుకునేవారు, అంతే. చిన్న ఫౌస్టీనా మీద ఇంకా ఎక్కువే రాశారు. తల్లీ కూతుళ్ల పేరు ఒకటే కావడంతో ఒకరి మీది మాట ఇంకొకరికి అంటుకోవడం కూడా సులువే.

దీనికి ఫౌస్టీనా ఏమనేదో తెలియదు. జవాబు చెప్పే నోరు పాలరాతికి ఉండదు. ఆడదాన్ని దేవతని చేసి గుడిలో పెట్టడం, చాటున నింద వేయడం ఈ రెండూ ఒకేసారి జరుగుతాయని మాత్రం ఆవిడ కథ చూస్తే అర్థమవుతుంది. రెండింట్లోనూ ఆవిడ మాటకి చోటు లేదు.

అలాగని ఆంటోనినస్‌ని కూడా మరీ ఆకాశానికి ఎత్తక్కర్లేదు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. కానీ ఫౌస్టీనా దగ్గర దాసిగా ఉండి విముక్తి పొందిన ఒకామెతో కలిసి ఉన్నాడు. అప్పటి రోమన్ పెద్దమనుషుల్లో ఇది మామూలే. అందులో ఎవరూ తప్పు పట్టలేదు. అదే సంగతి ఆడమనిషి వైపు నుంచి జరిగి ఉంటే చరిత్ర ఏమని రాసేదో ఊహించుకోండి.

161లో ఆంటోనినస్ పోయాడు. ఆయన్నీ దేవుణ్ణి చేశారు. వేరే గుడి కట్టలేదు, భార్య గుడిలోనే చోటిచ్చారు. గుడి ముందు రాతి మీద అప్పటిదాకా ఫౌస్టీనా పేరే ఉండేది. దాని పైవరసలో ఆయన పేరు చేర్చారు. భార్య పేరున్న ఇంటికి భర్త వెళ్లి చేరడం లోకంలో అరుదే. అయినా పేరు మాత్రం పైనే పెట్టారు లెండి! ఆ గుడి ఇప్పటికీ ఉంది. మధ్యయుగాల్లో దాన్ని చర్చి చేశారు. అందుకే పడగొట్టకుండా మిగిలింది. ముందు పది రాతి స్తంభాలు అలాగే నిలబడి ఉన్నాయి.

వాటికన్‌లో ఇంకో రాయి ఉంది. ఆంటోనినస్ జ్ఞాపకంగా దత్తపుత్రులిద్దరూ ఎత్తించిన స్తంభం పీఠం అది. దాని మీద భార్యాభర్తలిద్దరూ రెక్కలున్న ఒక పురుషుడి మీద కూర్చుని స్వర్గానికి వెళుతున్నట్టు చెక్కారు. నిజానికి ఆవిడ ఆయన కంటే ఇరవై ఏళ్ల ముందే వెళ్లిపోయింది. రాతిలో మాత్రం ఇద్దరూ కలిసి బయలుదేరారు.

మా ఇంట్లో కాసు

నాగార్జునకొండలో మన రాణుల సంగతి వేరు. శాంతమూలుడి చెల్లెలు శాంతిశ్రీ అక్కడ మహాచైత్యం నిలబెట్టింది. ఆ సంగతి స్తంభాల మీద తన పేరుతోనే చెక్కించింది. ఆవిడ మొహం ఎలా ఉండేదో మనకి తెలియదు, చేసిన పని తెలుసు. ఫౌస్టీనాది మొహం తెలుసు, మాట తెలియదు. మరి మా అమ్మమ్మ? మొహం లేదు, రాతి మీద పేరు లేదు. మాటలు మాత్రం బోలెడున్నాయి. పొయ్యి దగ్గర చెప్పినవి, జడ వేస్తూ చెప్పినవి, కొల్లేటి ముంపులో ధాన్యం గాదెలు మునిగిపోయిన ఏడాది ఇంటిల్లిపాదికీ ఎలా వండి పెట్టిందో చెప్పినవి. అవి నాతో ఉన్నంతకాలం ఉంటాయి. నా తర్వాత?

మొన్నామధ్య మా అమ్మాయి నా వాటా నవరసు కరిగించి సన్నగొలుసు చేయించుకుంటానంది. బంగారం దాని ఇష్టం, నేను కాదనలేదు. ముందు ఒక సాయంత్రం నా దగ్గర కూర్చోమన్నాను. కాసు దాని అరచేతిలో పెట్టి, దీని మీద ఉన్నావిడ పేరు విక్టోరియా, దీన్ని వేసుకున్నావిడ పేరు ఇదీ అని అమ్మమ్మ అసలు పేరు చెప్పాను. అది తెల్లబోయింది. ఇన్నేళ్లుగా అమ్మమ్మా, మామ్మా, గూడెం అత్తయ్యా అనడమే గానీ ఆవిడకి ఒక పేరుందని దానికి తోచనే లేదు. తప్పు దానిది కాదు, నేనే ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రాత్రి ఒక నోటుపుస్తకం తీశాను. మొదటి పేజీలో ఆ పేరు రాశాను. కింద, నాకు గుర్తున్న ఆవిడ మాటలు ఒక్కొక్కటే రాస్తున్నాను. ఇప్పటికి పద్దెనిమిది పేజీలయ్యాయి. మీ ఇంట్లోనూ ఇలా ఫొటో లేని ఒక ఆవిడ ఉండే ఉంటుంది. పేరు తెలిసినవాళ్లు ఉండగానే అడిగి రాసి పెట్టుకోండి.

నవరసు సంగతా? ఇంకా కరిగించలేదు. మా అమ్మాయి దాన్ని తన బీరువాలో పెట్టుకుంది.